చెరపని పేరు

మాఘ బహుళ విదియ

మరణాల శాఖవారు ఇచ్చిన పుస్తకంలో ఏ రాయి మీద ఏ పేరు చెక్కానో రాస్తాను. అంతకు మించి రాయడానికి అందులో చోటు లేదు. ఈ పుస్తకం నా సొంతం. నాలుగు రోజులుగా మనసు ఒక చోట నిలవడం లేదు. ఉలి పట్టుకున్నా, అన్నం ముందు కూర్చున్నా అదే తీరు. రాస్తే కుదుటపడుతుందేమోనని మొదలుపెట్టాను.

నా పేరు అంకమ్మ. యాభై ఒకటి నిండాయి. కొండ కింది మైదానంలో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లతో వీరగల్లులు చెక్కుతాను. ఎగువ దేశంతో నీళ్ళ యుద్ధం మొదలై ఆరేళ్ళు. సైన్యంలో చేరిన ప్రతి మనిషికీ మెడ కింద, ఎముక పక్కన గోరంత బిళ్ళ పెట్టి కుట్టేస్తారు. గుండె ఆడినంతసేపూ ఆ బిళ్ళ పలుకుతుంది. ఆరు గంటలు పలకకపోతే మనిషి పోయినట్టు లెక్క. పేరు నేరుగా నా షెడ్డులోని తెర మీదికి వస్తుంది. పేరే వస్తుంది, శవం రాదు.

మొదట్లో మర చెక్కేది. తల్లులు ఒప్పుకోలేదు. మనిషి పోతే మనిషి చెయ్యే రాయాలని శాఖ గుమ్మం ముందు కూర్చున్నారు. అలా నాకు ఈ పని దొరికింది.

ఉరి తీసినవాళ్ళ పేర్లు మాత్రం ఇక్కడికి రావు. దళం విడిచి పారిపోయినవాళ్ళకూ, బిళ్ళ పీకేసుకున్నవాళ్ళకూ ఉరిశిక్ష. వాళ్ళ శవాలని సున్నపు బట్టీలో వేస్తారు. ఇంటికి ఒక తెల్ల కాగితం పంపుతారు. దాని మీద తేదీ ఒక్కటే ఉంటుంది.

ఇవాళ పద్నాలుగు పేర్లు వచ్చాయి. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదే. ఇదివరకు పేర్లు ఒకటీ అరా, పొద్దుటొకటి, సాయంత్రమొకటి వచ్చేవి. ఈ మధ్య గుత్తులుగా రాలుతున్నాయి. ఇవాళ్టి పద్నాలుగు గుండెలూ ఒకే నిమిషంలో ఆగాయని తెర చెబుతోంది.

మాఘ బహుళ పంచమి

మా ఊరి పిల్ల సామ్రాజ్యం వచ్చింది. ప్రతివారం వస్తుంది. ముప్ఫై ఒకటో వరుసలో వాళ్ళాయన యల్లమంద రాయి ఉంది. పుష్యమాసంలో చెక్కాను. యుద్ధానికి ముందు అతను బస్సుల మెకానిక్కు. బిందెడు నీళ్ళు తెచ్చి, రాయి కడిగి, కొంగుతో తుడుస్తుంది. పేరు కింద నాలుగు వరుసలు రాయించుకునే హక్కు ఇంటివాళ్ళకి ఉంది. కొందరు "మంచి ఈతగాడు" అని రాయిస్తారు, కొందరు చుట్టాల పేర్లు రాయిస్తారు. ఈమె ఇంకా ఏమీ చెప్పలేదు.

"తొందరేం లేదులే" అన్నాను.

"ఏం చెప్పాలో తోచట్లేదత్తా. ఏది చెప్పినా ఆయన చిన్నోడయిపోతన్నాడు" అంది.

తరువాత నా భుజానికి పట్టిన రాతిపొడి దులిపి వెళ్ళింది.

మాఘ బహుళ అష్టమి

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మిట్టమధ్యాహ్నం ఎండకి మైదానంలో ఎవరూ ఉండరు. నీళ్ళు తాగడానికి లేచి చూస్తే ముప్ఫై ఒకటో వరుసలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, మాసిన గడ్డం, కాళ్ళ నిండా పుళ్ళు. యల్లమంద రాయిని వేలితో తడుముతున్నాడు.

"ఎవరు కావాలయ్యా?" అన్నాను.

"ఇది చెక్కిందెవురు?"

"నేనే."

"బాగా చెక్కావమ్మా. కాకపోతే నేనింకా చావలా."

చొక్కా పక్కకి లాగి చూపించాడు. మెడ కింద పుండు ఎండి నల్లటి చారలా ఉంది.

షెడ్డులోకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చాను. ఉన్న జొన్నన్నం పెట్టాను. తింటూనే చెప్పాడు. ఆనకట్ట గేట్ల దగ్గర కాపలాకి పదకొండు మందిని పెట్టారట. ఎగువవాళ్ళ డ్రోన్లు చీకట్లో, పొగలో, ఎక్కడ దాక్కున్నా తిన్నగా మనుషుల మీదికే వచ్చేవట. ఒకసారి పాత బిళ్ళ ఒకటి బాగుచేసి పలికించి, చచ్చిపోయిన గొర్రె మెడలో కట్టి, దూరంగా పడేశాడట. మెకానిక్కు కదా. డ్రోన్ వచ్చి ఆ గొర్రెని కొట్టిందట.

"మన గుండెకాయ చప్పుడు మనోళ్ళకే కాదమ్మా, వాళ్ళకీ ఇనపడతంది. అందర్నీ పీకేసుకోమని చెప్పా. ఉరేస్తారని భయపడ్డారు. నేనొక్కణ్ణే కోసుకున్నా. మూడోరోజు పొద్దున కుంటకాడికి నీళ్ళకి పోయొచ్చేసరికి పదిమందీ..."

ముద్ద నోటి దాకా పోలేదు. కంచంలో పెట్టేశాడు.

అతను చెప్పిన పది పేర్లూ నేను చెక్కినవే. పుస్తకంలో చూసి, తెరని ఆ రోజు దాకా వెనక్కి తిప్పాను. పదీ ఒకే నిమిషంలో ఆగినవి.

"సామ్రాజ్యం దగ్గరికి పోలేదా?" అన్నాను.

"పోతే దాన్నీ పట్టకపోతారు. ముందు ఈ సంగతి ఎవురికన్నా చెప్పాలి. ఇవాళ కూడా బిళ్ళలు పెట్టి పంపుతన్నారుగా."

మాఘ బహుళ నవమి

చెప్పదగ్గ మనిషి నాకు ఒక్కడే తెలుసు. శాఖలో మరణాల రిజిస్ట్రారు శేషగిరి గారు. నెలకోసారి రాళ్ళు చూడటానికి వస్తారు. ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడరు. నా కంట్లో రాతిముక్క పడినప్పుడు సొంత బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నిన్న చీకటి పడ్డాక యల్లమందని నేనే వెంటబెట్టుకుని ఆయన ఇంటికి తీసుకెళ్ళాను.

ఆయన అంతా విన్నారు. మజ్జిగ ఇప్పించారు. గొర్రె సంగతి రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. "ఈ రాత్రికి మా వసారాలో పడుకో బాబూ, రేపు పై అధికారులతో మాట్లాడదాం" అన్నారు. నేను తేలికపడి ఇంటికొచ్చి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. పది రోజుల్లో పట్టిన నిద్ర అదే.

మాఘ బహుళ ఏకాదశి

నా చేతులతో నేనే అప్పగించాను.

పొద్దున్నే శేషగిరి గారు షెడ్డుకి వచ్చారు. నా మొహం చూడకుండా కాగితం ఒకటి బల్ల మీద పెట్టారు. యల్లమందని లాకప్‌లో పెట్టారు. రాయి మీద అతని పేరు నేను చెరిపెయ్యాలి.

"చెరపడం దేనికండీ?"

"రాయి మీద పేరున్నవాడు చనిపోయినట్టే అమ్మా. చనిపోయినవాణ్ణి కోర్టు విచారించకూడదు. ముందు పేరు తీసెయ్యాలి. అప్పుడు బతికున్నవాడవుతాడు. విచారణ జరుగుతుంది."

"బిళ్ళ పీకినందుకు ఉరి వేస్తారు."

ఆయన కాగితాన్ని నా వైపు జరిపారు.

"వేరేవాళ్ళతో చెరిపించుకోండి."

"కుదరదు. యుద్ధం వచ్చిన మొదటి ఏడు ఒక మంత్రి తనకి గిట్టనివాళ్ళ పేర్లు రాళ్ళ మీద నుంచి తీయించాడు. అప్పుడు శాసనసభ నియమం చేసింది. చెక్కిన మనిషి బతికుండగా ఆ పేరు మీద వేరే చెయ్యి పడకూడదు. నియమం మార్చాలంటే సభ కూర్చోవాలి. ఉగాది దాటితే గానీ కూర్చోదు."

"అయితే ఉగాది దాకా చెరపను."

అప్పుడు తలెత్తి చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

"చెరపకపోతే అతను బతుకుతాడనుకుంటున్నారా? లాకప్ పుస్తకంలో అతని పేరు రాయడానికి లేదు. పేరు లేనివాడికి తిండి ఇవ్వడానికి లేదు. చచ్చినవాడికి కూడు పెట్టమని ఏ నియమమూ చెప్పదమ్మా."

ఆయన వెళ్ళాక ఉలి తీసి ముప్ఫై ఒకటో వరుస దాకా నడిచాను. తిరిగి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. తెర మీద అప్పటికి తొమ్మిది పేర్లు వచ్చి ఉన్నాయి. ఒక్కటీ చెక్కలేదు.

మాఘ బహుళ ద్వాదశి

క్యారియరులో అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ సర్దుకుని లాకప్‌కి పోయాను. కాపలా అతను పెద్దవాడు, పేరు గురవయ్య.

"లోపల ఎవురూ లేరమ్మా. పుస్తకంలో ఎవురూ లేరు."

"లేనివాడికి అన్నం పెట్టొద్దని ఎవరన్నా చెప్పారా?"

గురవయ్య పుస్తకం తిప్పి చూశాడు. "అది మాత్రం చెప్పలా" అని పక్కకి జరిగాడు.

యల్లమంద రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఊచల్లో నుంచి ముద్దలు అందిస్తూ, నా బుద్ధి గడ్డి తిని నిన్ను అక్కడికి తీసుకుపోయానని ఏడ్చాను. అతను ఏడవలేదు.

"చెరిపెయ్యమ్మా" అన్నాడు.

"ఏం మాట్లాడుతున్నావు?"

"విచారణ నలుగురి ముందు జరగాలంటగా. సచ్చినోడి మాట ఎవుడూ రాసుకోడు. బతికినోడి మాటయితే రాసుకోవాల్సిందే. గొర్రె సంగతి అక్కడ చెప్తా."

"రాసుకుని ఉరి వేస్తారు."

"ఏసేలోపల చెప్తాగా. నావల్ల ఆలస్యమయిన ప్రతి పూటా నీ తెర మీద ఎన్ని పడతన్నయ్యో నువ్వే చూస్తన్నావు."

ఇవాళ ఇరవై మూడు పడ్డాయి.

చెరిపితే అతన్ని చంపినదాన్నవుతాను. చెరపకపోతే ఆ ఇరవై ముగ్గురిని చంపిన పాపంలో నాకూ పాలుంది. దారి పొడవునా ఇదే. ఇల్లు దాటిపోయి రెండు వీధులు నడిచాక గాని తెలియలేదు.

మాఘ బహుళ త్రయోదశి

సామ్రాజ్యానికి చెప్పకుండా ఉండలేకపోయాను. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. బియ్యం చెరుగుతోంది. చెప్పాను.

చేట కింద పెట్టింది. లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. తరువాత ఆ చేత్తోనే నన్ను పట్టుకుని కింద కూర్చుంది.

"నెలన్నర. బిందెలు మోసి మోసి రాయి కడిగా. అది తుడిచేటప్పుడు ఆయన ఒళ్ళు తుడిచినట్టే అనుకున్నా. ఆయన వచ్చిన రోజే నువ్వు ఎందుకు చెప్పలా?"

అతను ఏం అడుగుతున్నాడో చెప్పాను. వింటున్న కొద్దీ ఆమె ముఖం గట్టిపడింది.

"చెరపబాక. చెరిపావంటే నీ గుమ్మంలో పడి చస్తా."

"మరి ఆ సంగతి ఎలా బయటపడుతుంది సామ్రాజ్యం? అతను అడిగేది అదే."

చేటలో చెయ్యి పెట్టి బియ్యం అటూ ఇటూ కదిలిస్తూ కూర్చుంది. ఆఖరికి అంది:

"నాకు నాలుగు వరుసలు బాకీ ఉన్నావుగా అత్తా. కోర్టు దేనికి? ఆయన చెప్పాల్సింది నేను చెప్తా, నువ్వు చెక్కు."

ఇద్దరం కలిసి తిరిగాం. ఆ పదిమంది ఇళ్ళలో ఏడు ఇళ్ళు దొరికాయి. ఐదుగురు ఒప్పుకున్నారు. ఒక తండ్రి తలుపు వేసేసుకున్నాడు. ఒక తల్లి మాత్రం మావాడి రాయి మీద మావాడి మాటే ఉండాలంది. తప్పులేదు.

మాఘ బహుళ చతుర్దశి, శివరాత్రి

నిన్న సాయంత్రమే పని మొదలుపెట్టి తెల్లవార్లూ చెక్కాను. నాపరాయి ఉలికి బాగా లొంగుతుంది. ఆరు రాళ్ళ మీద ఒకటే మాట:

బిళ్ళ పలుకుతుంటే
డ్రోన్ వింటుంది.
గొర్రెకి కట్టి చూశాం.
గొర్రెనే కొట్టింది.

సామ్రాజ్యం చెప్పింది చెప్పినట్టే చెక్కాను. ఒక్క అక్షరం అటూ ఇటూ మార్చలేదు.

శివరాత్రికి కొండకి వచ్చినవాళ్ళందరూ దిగేటప్పుడు తమవాళ్ళ రాళ్ళ దగ్గర ఆగుతారు. పది గంటలకి మొదటి మనిషి ముప్ఫై ఒకటో వరుసలో ఆగాడు. మధ్యాహ్నానికి ఆ వరుసలో కాలు పెట్టే చోటు లేదు. చదువురానివాళ్ళకి చదువుకున్నవాళ్ళు చదివి చెప్పారు. సెలవు మీద వచ్చిన సిపాయిలు పదిహేను మంది దాకా ఉంటారు. చదివి, మెడ కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. రేపటితో వాళ్ళ సెలవు అయిపోతుంది.

ఫాల్గుణ శుద్ధ విదియ

ఆరు రాళ్ళకి టార్పాలిన్ కప్పి తాళ్ళు కట్టారు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే తాళ్ళు విప్పి చూసి, మళ్ళీ కట్టి పోతున్నారు. కప్పకముందు ఇంతమంది చూడలేదు.

శేషగిరి గారు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నియమంలో ఒక మాట ఉంది కదమ్మా, చెక్కిన మనిషి బతికుండగా అని. ఆ మాట మీరు జాగ్రత్తగా ఆలోచించండి. నేను భయపెట్టడం లేదు. పైన ఆలోచిస్తున్నారు, అందుకని చెబుతున్నాను."

అప్పటి నుంచి వెనక్కి చూడకుండా నాలుగడుగులు వెయ్యలేకపోతున్నాను. రాత్రి తలుపుకి రోలు అడ్డం పెట్టాను. చావంటే ఇంత భయం నాలో ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఇతరుల చావులు చెక్కి చెక్కి అలవాటయిందనుకున్నాను.

అయినా క్యారియరు ఆపలేదు. ఇప్పుడు నేను వెళ్ళక్కర్లేదు. సామ్రాజ్యం వెళుతోంది. ఆమె వెనక ఆ ఐదిళ్ళవాళ్ళు వెళుతున్నారు. లాకప్ అరుగు మీద ఏడెనిమిది క్యారియర్లు ఉంటున్నాయట. లేని మనిషికి ఇంత తిండి ఏం చెయ్యాలో తెలియడం లేదని గురవయ్య మొత్తుకుంటున్నాడట.

ఫాల్గుణ శుద్ధ షష్ఠి

నాలుగు రోజులుగా తెర మీద ఒక్క పేరూ రాలేదు. సంతోషించాలో లేదో తెలియలేదు. గంటకోసారి తీగలు ఊడాయేమోనని చూస్తున్నాను.

ఫాల్గుణ శుద్ధ అష్టమి

పొద్దున ఆరున్నరకి తెర వెలిగింది. ఒక పేరు. ఇంకో పేరు. తరువాత చదవడానికి వీల్లేకుండా కిందికి జారడం మొదలుపెట్టాయి. వందలు. ఏడింటికి వెయ్యి దాటాయి. ఎనిమిదింటికి నాలుగు వేలు.

రాళ్ళ మధ్య కూలబడ్డాను. సైన్యం మొత్తం ఒక్కసారే చచ్చిపోయిందా? లేక మొత్తం ఒక్కసారే బిళ్ళలు కోసుకున్నారా? రెంటికీ తెర మీద ఒకటే గుర్తు. నా నాలుగు వరుసలు చదివి కోసుకుంటే, ఆ అదనులో ఎగువవాళ్ళు వచ్చి పడి ఉంటే? తొమ్మిదింటికి ఊరంతా మైదానంలోకి వచ్చేసింది. ఆడవాళ్ళు తెర చుట్టూ మూగారు. పేరు కనిపించినవాళ్ళు ఏడుస్తున్నారు. కనిపించనివాళ్ళూ ఏడుస్తున్నారు. నన్ను తిడుతున్నవాళ్ళున్నారు. నా కాళ్ళు పట్టుకుని "బతికే ఉన్నారు కదా" అని అడుగుతున్నవాళ్ళున్నారు. నాకేం తెలుసు?

పది దాటాక శేషగిరి గారు వచ్చారు. కాళ్ళకి చెప్పులు లేవు. జనాన్ని తోసుకుంటూ తెర దగ్గరికి వెళ్ళి వెతికారు. ఒక చోట వేలు ఆగిపోయింది. ఆయనకి కూతురుందని తెలుసు. సైన్యంలో ఉందని అప్పుడే తెలిసింది. ఆయన అక్కడే రాతిపొడిలో కూర్చుండిపోయారు. నేను ఆ మనిషిని ద్వేషించిన మాట నిజం. అయినా వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

పన్నెండున్నరకి ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. అవతలి గొంతు నాకూ వినపడింది.

"నాన్నా, సరిహద్దు నుంచి ఇవతలికొచ్చి ఎవరో రైతు ఫోను అడిగి చేస్తున్నా. అందరం నడిచొస్తున్నాం. డ్రోన్లు పైన తిరుగుతున్నాయి గాని మమ్మల్ని పట్టుకోలేకపోతున్నాయి. నాన్నా, వింటున్నావా?"

ఆ మాట ఎవరో పెద్దగా చెప్పారు. మైదానం ఒక్కసారి గొల్లుమంది. ఆ కేకలో ఏడుపేదో నవ్వేదో నేను విడదీయలేను.

శేషగిరి గారు మాత్రం నవ్వలేదు. ఫోను పెట్టేసి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"తొమ్మిదింటికే ఉత్తర్వు వచ్చిందమ్మా. బిళ్ళ తీసినవాళ్ళని దొరికిన చోటే పట్టుకుని విచారించమని. రాయి మీద పేరుంటే విచారణ లేదు. సభ కూర్చోవడానికి ఇంకా ఇరవై రెండు రోజులన్నా ఉంది. ఈలోపు అందరి పేర్లూ చెక్కేస్తే..."

"యల్లమంద ఎక్కడున్నాడు?" అన్నాను.

"వచ్చేటప్పుడు లాకప్ మీదుగానే వచ్చాను. పుస్తకం చూశాను. లోపల ఎవరూ లేరని నేనే సంతకం పెట్టాను, నేనే రాయించాను. గురవయ్యని తలుపు తియ్యమన్నాను. సామ్రాజ్యం భుజం పట్టుకుని వస్తున్నాడు."

చెయ్యి చాపి చూపించారు. జనం వెనక, ఎండలో, ఒక మనిషి కుంటుకుంటూ వస్తున్నాడు. పక్కన సామ్రాజ్యం ఉంది. చుట్టూ క్యారియర్లు పట్టుకున్న ఆడవాళ్ళున్నారు.

"నాలుగు వేల పేర్లు ఒక చేత్తో కావండీ" అన్నాను.

"ఎన్నయితే అన్ని. ఉలి ఎలా పట్టుకోవాలో వీళ్ళకి చూపించండి, నాకూ చూపించండి. కానీ ముందు..." మరణాల రిజిస్ట్రారు, నా కంటే చిన్నవాడు, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. "ముందు మా పాప పేరు చెక్కండమ్మా. అది ఇంటికొచ్చేలోపు చెక్కెయ్యండి."

కొత్త రాయి పడుకోబెట్టించాను. సుద్దతో గీత గీశాను. పాప పేరు విమల.